రెండు చుక్కల మీంచి గీసిన గీత

మా మావయ్య నోటినుంచి ఎక్కువసార్లు వచ్చే మాట ఏదని ఆయన పనిచేసిన కాలేజీలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. "తెలీదండి." ఆయన లెక్కల్లో డాక్టరేటు తీసుకున్న మనిషి. అదీ క్యాన్సర్ గడ్డలు ఎలా పెరుగుతాయో లెక్కకట్టే విద్యలో. అలాంటి మనిషి ఆ మాట అనని రోజు లేదు. అనేముందు కళ్ళజోడు తీసేవారు. చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టుకోకుండానే చెప్పేవారు. ఎదుటి మనిషి మొహం మసకగా ఉంటే ఆ మాట చెప్పడం కాస్త సులువని నాతో ఒకసారి అన్నారు.

పోయిన నెల ఆయన పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారు. పరామర్శకి వచ్చినవాళ్ళలో మాకు ముఖపరిచయం లేనివాళ్ళే ఎక్కువ. మురమళ్ళ నుంచి ఒక జంట వచ్చింది. అతని మెడకింద పొడుగాటి కుట్ల మచ్చ ఉంది. మీరెవరండీ అని అత్తయ్య అడిగింది.

"తవరు మమ్మల్ని ఎరగరండి. మేష్టారు నాతోకూడా కాకినాడ ఆసుపత్రికి వచ్చేరండి. నా గడ్డ ఎంత తొరగా పెరుగుతాదో చెప్పండి బాబూ అంటే తెలీదన్నారండి. తెలీదన్న మనిషి మరి మాతోపాటు బస్సెందుకు ఎక్కేరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదండి" అన్నాడతను.

ఆయన ఆ బస్సులు ఎందుకెక్కేవారో మా ఇంట్లో అందరికీ తెలుసు. కనీసం, తెలుసనే నేను అనుకుంటూ వచ్చాను.

నా చిన్నప్పటి మావయ్య వేరే మనిషి. తెలీదనడం ఆయనకి అప్పట్లో చేతకాదు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఎంత ఉతికినా ఆ జేబు తెల్లగానే ఉంటుందని అత్తయ్య విసుక్కునేది. ఆయన మాట్లాడితే చాలదు, గీయాలి. అరుగు మీద, బస్సు సీటు వెనకాల, భోజనాల దగ్గర అరిటాకు మీద చారులో వేలు ముంచి గీసేవారు. ఎక్కడ గీసినా ఒకటే గీత. కింద నేలబారుగా మొదలై, ఒక్కసారిగా పైకి లేచి, పైన మెల్లగా వాలిపోయేది.

నలభై దాటాక ఆయన విశాఖపట్నం వెళ్ళి వస్తూ పరిశోధన చేశారు. ఆ రోజుల్లోనే అమలాపురం కాలవగట్టు మీద గొడుగేసుకుని నిలబడటం మొదలుపెట్టారు. గుర్రపుడెక్క కలుపు ఎంతవరకు పాకిందో తెలియడానికి నీళ్ళలో వెదురుకర్రలు పాతించి, వాటికి పాత చీరల పీలికలు కట్టించారు. కాలవలో బట్టలుతికేవాళ్ళు గుర్రపుడెక్క మేష్టారని పేరు పెట్టారు. ఆయనకి కోపం రాలేదు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించేవారు.

"చూడమ్మడూ. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. కాలవలో చారెడు ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. సగం కాలవ నిండేక గోలపెడతారు, ఉన్నట్టుండి పెరిగిపోయిందని. ఉన్నట్టుండి ఏమీ కాదు. మొదటినుంచీ దాని పని అది చేసుకుంటూనే ఉంది. మనకి కనపడటమే ఆలస్యమైంది."

"కాలవంతా నిండిపోతే?"

"చోటు చాలదు, తిండి చాలదు. అప్పుడు నెమ్మదిస్తుంది. ఒంట్లో గడ్డ కూడా అంతేనే. డాక్టరు చేతికి తగిలేసరికి దాని కథ సగానికి పైగా నడిచిపోయి ఉంటుంది. ఆ నడిచిపోయిన కథని వెనక్కి చదవడమే నా లెక్క."

నాకు అది గొప్పగా అనిపించేది. మిగతావాళ్ళకి అనిపించేది కాదు. డాక్టరేటు వచ్చిన రోజున చుట్టాలు వచ్చి, ఇంజక్షన్లు కూడా వేస్తారా అని అడిగారు. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది మా నాన్న. నాన్న మస్కట్‌లో క్రేను నడిపేవారు. సెలవుకి వచ్చినప్పుడల్లా, "బావగారూ, మీ గీతలకి ఒక్క కొబ్బరికాయైనా రాలుద్దంటారా" అనేవారు. మావయ్య కూడా నవ్వేవారు. కానీ ఆ నవ్వు అయిపోయాక సుద్దముక్క జేబులో పెట్టేసుకోవడం నేను చూశాను.

ఆ ఏడు నాన్న సెలవుకి వస్తూ దగ్గు తెచ్చుకున్నారు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. రాజమండ్రిలో స్కాన్ తీశారు. మందులు వాడి, కొన్ని వారాలాగి మళ్ళీ తీశారు. రెండోసారికి అది వెంట్రుకవాసి పెరిగినట్టూ ఉంది, పెరగనట్టూ ఉంది. "ఇది ఏమీ కాకపోవచ్చు. అయినా సూది పెట్టి చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తే ఎవరికీ అనుమానం ఉండదు" అన్నారు డాక్టరు. నాన్నకి సెలవు అయిపోవస్తోంది. పరీక్షకీ దాని ఫలితానికీ ఆగితే వీసా పోయేలా ఉంది. అది చాలనట్టు, సూది పెడితే గడ్డ చెదిరి ఒళ్ళంతా పాకుతుందని ఎవరో అమ్మ చెవిన వేశారు.

అమ్మకి సొంత అన్నయ్యే కదా, ఆదివారం మావయ్యని పిలిపించారు. మా ఊరు రాజోలు దగ్గర. ఆయన అమలాపురం నుంచి బస్సులో వచ్చారు. నాన్న ఎదురెళ్ళి, తను కూర్చునే పడక్కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. మా ఇంట్లో ఆయనకి ఆ మర్యాద జరగడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇన్నాళ్ళూ మీ లెక్కల్ని ఎగతాళి చేసేనండి బావగారూ. ఇవాళ నాకోసం ఒక లెక్క కట్టి చెప్పండి. వెళ్ళనా, ఆగనా?" అన్నారు నాన్న. నవ్వుతూనే అన్నారు. చేతులు మాత్రం రెండు మోకాళ్ళ మధ్య బిగించుకుని ఉన్నారు.

మావయ్య రెండు స్కాన్లలోనూ రాసిన కొలతలు అడిగారు. తర్వాత కుర్చీలోంచి దిగి, ఎర్రగచ్చు మీద గొంతుక్కూర్చుని, జేబులోంచి సుద్దముక్క తీశారు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, వాటి మధ్య రెండు చుక్కలు పెట్టారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అందరూ ఆ చుక్కలవంకే చూస్తున్నారు. మావయ్య ఒకసారి తలెత్తి మా అందరినీ చూశారు. ఆ రెండు చుక్కల్లోంచి సాగదీసి ఒక గీత గీశారు. అది పైకి లేవలేదు. నేలబారుగా, ఏ తొందరా లేకుండా అవతలి గచ్చు దాకా వెళ్ళింది.

"ఇంత నెమ్మదిగా ఉండేవి మామూలుగా పాత జబ్బు తాలూకు మచ్చలై ఉంటాయండి. ఒకవేళ గడ్డే అనుకున్నా, ఈ లెక్కన రెట్టింపవడానికి ఏడాది పైమాటే."

"అంటే వెళ్ళొచ్చంటారు."

"ఆయ్. వెళ్ళొచ్చండి. కాంట్రాక్టు పూర్తిచేసుకుని వచ్చేక మళ్ళీ ఒకసారి తీయిద్దాం."

నాన్న లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం భోజనాలు ఎంతసేపు జరిగాయో. పనసపొట్టు కూర మావయ్య మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. నాన్న ఇంకో ప్రశ్న, ఇంకో ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. మావయ్య చెబుతూనే ఉన్నారు. సాయంత్రం నేను బస్సుదాకా సాగనంపితే దారిపొడుగునా ఆయన ఏదో కూనిరాగం తీశారు. ఆయన పాడగా వినడం అదొక్కసారే.

ఆ వారంలోనే నాన్న మస్కట్ వెళ్ళిపోయారు. వానలు పడేవేళకి తిరిగొచ్చారు. గొంతు బొంగురుపోయింది, చొక్కా వేలాడుతోంది, మెట్లెక్కలేకపోతున్నారు. విశాఖపట్నంలో చేర్చారు. గడ్డ రెండో ఊపిరితిత్తికీ ఎముకలకీ పాకిపోయిందన్నారు. మావయ్య కాలేజీకి సెలవు పెట్టి ఆసుపత్రిలోనే ఉండిపోయారు. నాన్నకి ఒళ్ళు తుడిచిందీ, గడ్డం గీసిందీ, అన్నం మెత్తగా పిసికి పెట్టిందీ ఆయనే. అమ్మ పక్కన కూర్చుంటే చాలనేవారు, పని ఏదీ ముట్టనిచ్చేవారు కాదు. ఆ చలికాలం చివర్లో నాన్న పోయారు.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక చుట్టాలు షామియానా కింద తాంబూలాలు అందుకుంటున్నారు. మావయ్య లేచి నిలబడి చేతులు జోడించారు. ఏదో కృతజ్ఞతలు చెబుతారనుకున్నాం.

"ఒక్క మాట చెప్పాలండి. మా బావగారిని వెళ్ళమన్నది నేను. డాక్టరుగారు పరీక్ష చేయించమన్నారు. నేను గీత గీసి, అక్కర్లేదన్నట్టు చెప్పేను. ఆ గీత గియ్యడానికి నా దగ్గర ఆధారం లేదండి. లేదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే గీసేను. మా ఇళ్ళల్లో నన్నెవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు. మొదటిసారి అడిగితే, తెలీదనడానికి నాకు నోరు రాలేదు."

తాంబూలం పళ్ళెం పట్టుకున్న మా పెదనాన్న, నాన్నకి అన్నగారు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయారు. చివరికి ఆయనే, "ఊరుకోండి బావగారూ. మీరు మాత్రం కావాలని చేసేరా" అన్నారు. మావయ్య చేతులు దించలేదు. అమ్మ చీరకొంగు మొహానికి అడ్డంపెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకున్నాం.

ఆ మాట నెమ్మదిగా ఊళ్ళన్నీ తిరిగింది. సుద్దముక్కతో బావగారిని చంపుకున్నాడని రాజోలు బస్సులో ఎవరో అంటుండగా నేనే విన్నాను. కాదనాలని నాకు అనిపించలేదు.

నేను ఆ ఏడాదే మావయ్య కాలేజీలో డిగ్రీలో చేరాను. ఉండటం వాళ్ళింట్లోనే. నాన్న ఉండగా అనుకున్న ఏర్పాటు అది. నేను వెళ్ళనని మొండికేస్తే అమ్మ ఎప్పుడూ లేనిది చేయి చేసుకుంది. "మావయ్య ఇంట్లోనే ఉంటావు, ఆయన చెప్పే క్లాసులోనే కూచుంటావు" అంది. వెళ్ళాను. ఆయన తెచ్చిన బియ్యం తిన్నాను, అడిగినదానికి పొడిగా జవాబు చెప్పాను, అంతకుమించి మాట్లాడలేదు. ఆయనా పలకరించమని అడగలేదు. నేను బల్ల దగ్గరికి వస్తే తను కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. నేను స్వేచ్ఛగా తినాలని ఆయన ఉద్దేశం. అత్తయ్య మా ఇద్దరికీ మధ్య గిన్నెలు మోసేది.

క్లాసులో ఒకరోజు బోర్డు మీద రెండు చుక్కలు పెట్టారు. నేను పుస్తకం మూసేశాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ఈ చుక్కల్లోంచి వెళ్ళేలా మీకు నచ్చిన గీత గియ్యండన్నారు. ఒకడు తిన్నగా గీశాడు. ఒకమ్మాయి విల్లులా వంచింది. ఇంకొకడు నిట్టనిలువుగా పైకి ఎత్తేశాడు. బోర్డు నిండిపోయింది.

"ఇందులో ఏది తప్పు?" అన్నారు మావయ్య.

పిల్లలు తమ తమ గీతలవంక చూసుకున్నారు.

"ఏదీ తప్పు కాదు. అన్నీ ఈ రెంటిలోంచీ వెళ్తున్నాయి. ఆ చుక్కలు కూడా కచ్చితం కాదు, కొలిచేటప్పుడు అవి కాస్త అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. మరి ఇన్ని గీతల్లో మనం ఒకదాన్ని ఎందుకు ఎంచుకుంటాం?" సుద్దముక్క కింద పెట్టారు. "చుట్టూ ఉన్నవాళ్ళు ఏది వినాలనుకుంటున్నారో అదే మన చెయ్యి గీస్తుంది. గీసేక, లెక్క చెప్పిందంటాం. లెక్క ఏమీ చెప్పలేదు. నేను చెప్పేను."

ఆయన 'నేను' అన్నది పిల్లలు గమనించలేదు. నా బెంచీవైపు ఆయన చూడలేదు కూడా. బోర్డు తుడవకుండానే బయటికి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లోనే రోగులు ఇంటికి రావడం మొదలైంది. క్యాన్సర్ లెక్కల డాక్టరు ఒకాయన అమలాపురంలో ఉన్నాడని చుట్టుపక్కల తెలిసింది. కపిలేశ్వరపురం లంకలోంచి ఒకావిడ వచ్చింది. భర్త లివర్ స్కాన్ సంచిలో పెట్టుకొచ్చింది. ఎన్నాళ్ళుంటాడో ఒక్క ముక్క చెబితే చాలంది. మావయ్య కళ్ళజోడు తీశారు.

"తెలీదమ్మా."

"తవరికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాదండి? గోడకి పటం కట్టుకున్నారు కదండి" అంది ఆవిడ, ఎదుటి గోడ మీదున్న డాక్టరేటు పటం చూపించి.

మావయ్య ఆ పటం వంక చూశారు. "డాక్టరుగారు ఏం చేయించమన్నారు?" అన్నారు.

"ఏదో ముక్క పరీక్షన్నారండి. మాకు భయమేసి వచ్చేసేం."

"రేపు పొద్దున్న ఆయన్ని తీసుకుని బస్టాండుకి రండి. నేనూ వస్తాను."

మర్నాడు వాళ్ళతో కాకినాడ వెళ్ళే ముందు ఆయన స్టూలు ఎక్కి ఆ పటం దించి అటకమీద పెట్టారు. గోడమీద తెల్లటి చదరం మిగిలిపోయింది. అత్తయ్య అక్కడ కేలండరు తగిలించింది.

తర్వాత అదే ఆయన పద్ధతైంది. ఎవరొచ్చినా తెలీదనేవారు. డాక్టరు చెప్పిన పరీక్ష ఏదో అడిగేవారు. దాన్ని చేయించేదాకా వెంట తిరిగేవారు. ఆసుపత్రి వసారాలో బెంచీమీద వాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. పరిశోధన మానెయ్యలేదు. విశాఖలో డాక్టర్లతో కలిసి చేసే పని కొనసాగిస్తూనే ఉన్నారు. లెక్కల మీద ఆయనకి నమ్మకం తగ్గలేదని నాకు తెలుసు. "కొన్ని వందలమంది స్కాన్లు వరసగా పెట్టుకుని చూస్తే గీత నిజం చెబుతుందమ్మడూ. ఏ మందు ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆపాలో అది డాక్టర్లకి సాయం చేస్తుంది. ఒక్క మనిషిని నీ ముందు కూచోబెట్టి, ఈయన సంగతేంటంటే మాత్రం, ఇంత తక్కువ చూసి అది ఏమీ చెప్పలేదు. దానికి చెప్పడం వచ్చినట్టు నేను నటించేను" అన్నారు, మళ్ళీ మాటలు కలిశాక.

ఆ మాటలు కలిసింది నా డిగ్రీ ఆఖరి ఏడాదిలో. సన్నగా వాన పడుతున్న మధ్యాహ్నం. ఆయన వరండాలో పీట మీద కూర్చుని అత్తయ్యకి గోరుచిక్కుళ్ళు తుంచి పెడుతున్నారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అడగాలనుకుంటూ వచ్చింది అడిగేశాను.

"మావయ్యా, అప్పుడే పరీక్ష చేయించుంటే నాన్న బతికేవారా?"

ఆయన చేతులు ఆగలేదు. "ఆ లెక్క వేసేను. చాలాసార్లు."

"ఏమొచ్చింది?"

"అందులో ఒక సంఖ్య కావాలమ్మా. ఆ గడ్డ అసలు ఏ వేగంతో పెరిగిందన్నది. అది ఎవరికీ తెలీదు. కాస్త పెద్ద సంఖ్య వేస్తే, మనం చూసేనాటికే చెయ్యి దాటిపోయింది, నేనేం చెప్పినా ఒకటే. కాస్త తగ్గించి వేస్తే, అప్పుడే ఆపరేషన్ చేసుంటే గడ్డ పోయేది, మీ నాన్న ఈపాటికి నన్ను వెక్కిరిస్తూ ఇక్కడ కూచునేవారు."

"మీరు ఏది వేశారు?"

"నిద్రపట్టని రోజున మొదటిది వేసుకునేవాణ్ణి. తెల్లారి సిగ్గేసి రెండోది వేసేవాణ్ణి. తర్వాత మానేసేను. తప్పు చేసినవాడే దాన్ని కొలుచుకోకూడదనిపించింది."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. "పోనీ, ఇంటికెళ్ళాక అయినా తప్పు చెప్పాననిపించలేదా? ఆయన విమానం ఎక్కేలోపు చెప్పడానికి టైముంది కదా. వద్దు, ఆగండి అని ఒక్క మాట చెప్పొచ్చు కదా."

ఆయన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కళ్ళజోడు తీశారు.

"చెప్పాల్సింది," అన్నారు. "ఆయన ఎదురుగా నిలబడి చెప్పాల్సింది."

అంతకన్నా ఒక్క మాట కలపలేదు. నేను మాత్రం అడగాల్సింది అడిగేశానని గుండె బరువు దించుకుని లేచాను. ఆ సాయంత్రం నుంచి ఆయన కంచం మళ్ళీ బల్లమీదికి వచ్చింది.

ఇప్పుడు నేను కొత్తపేటలో స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మావయ్య పెద్దకర్మకి అమ్మని తీసుకుని వెళ్ళాను. మధ్యాహ్నానికి చుట్టాలంతా వెళ్ళిపోయారు. అత్తయ్య, అమ్మ, నేను మిగిలాం. అత్తయ్య ఆయన చొక్కాలు మడతపెడుతోంది. అమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. పొద్దుటినుంచీ ఆవిడ మెతుకు ముట్టలేదు.

"వదినా, ఒకటి చెప్పాలి," అంది అమ్మ.

అత్తయ్య ఇంకో చొక్కా అందుకుంది.

"అన్నయ్య గీత గీసి చెప్పి వెళ్ళిన మర్నాడు, తెల్లారేసరికి మళ్ళీ మా ఇంటికి వచ్చేడు. మొదటి బస్సుకే వచ్చేడు. ఈయన అప్పటికే టిక్కెట్టు సంగతి చూసుకోడానికి రాజోలు వెళ్ళిపోయేరు. పిల్ల నిద్రలేవలేదు. అన్నయ్యకి కాలేజీకి వేళైపోతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పేడు, 'చెల్లాయ్, రాత్రంతా కూచుని చూసేను. నిన్న నేను చెప్పింది తప్పు. నా మాట వదిలెయ్యమను. సూది పరీక్ష చేయించుకున్నాకే కదలమను. ఫోన్‌లో చెబితే బావ నవ్వి కొట్టిపారేస్తారు, నువ్వు కూచోబెట్టి చెప్పు' అని. చెబుతాను అన్నయ్యా అన్నాను."

నేను అమ్మవైపు తిరిగాను. ఆవిడ నావైపు చూడలేదు.

"చెప్పలేదు వదినా. ఆయన నవ్వుతూ తిరిగొచ్చేరు. ఎన్ని వారాలకో ఆ మొహం అలా చూసేను. సూదంటే నాకు చచ్చేంత భయం. రేపు చెబుతాను, వెళ్ళేముందు చెబుతాను అనుకున్నాను. వెళ్ళేక, ఇంక చెప్పి లాభం ఏముందిలే అనుకున్నాను. చెప్పేవా అని అన్నయ్య ఫోన్ చేసి అడిగితే, చెప్పేను, వినలేదన్నాను. తర్వాత అన్నయ్య అంతమందిలో నిలబడి అంతా తన మీదే వేసుకున్నాడు. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను."

అత్తయ్య మడతపెట్టిన చొక్కాని ఇంకోదాని మీద పెట్టింది.

"నాకు తెలుసు," అంది.

అమ్మ గోడ దగ్గర్నించి ముందుకి జరిగింది.

"ఆసుపత్రిలో మీ ఆయన అన్నారట, 'మీరు సూది పరీక్ష చేయించుకోమని ఒక్క మాట అనుంటే ఆగిపోయేవాణ్ణి బావగారూ' అని. అప్పుడు తెలిసింది ఆయనకి, నువ్వు చెప్పలేదని. ఇంటికొచ్చి నాతో చెప్పి, చెల్లాయిని అడక్కు అన్నారు. అడిగితే అది ఇంక మన గుమ్మం ఎక్కలేకపోతుందన్నారు. ఎదురుగా చెప్పకుండా నీచేత కబురంపడం కూడా తన పిరికితనమే అన్నారు."

"అన్నీ తెలిసి ఇన్నాళ్ళూ నన్ను..."

"ఆయన అడగొద్దన్నారు కాబట్టి అడగలేదు. నాకైతే అడగాలనే ఉండేది. జనం ఆయన్ని అనరాని మాటలు అంటుంటే, నువ్వొచ్చి ఈ ఇంట్లో కాఫీ తాగి వెళ్ళేదానివి. ఇస్తూనే ఉన్నాను." అత్తయ్య గొంతులో కోపం కూడా అరిగిపోయింది. "ఇన్నేళ్ళు దాచేవు. ఇవాళ ఎందుకు చెబుతున్నావు?"

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరచేతులవంక చూసుకుంటూ అంది.

"ఇంక అన్నయ్య మొహం చూడక్కర్లేదు కదా వదినా. అందుకే చెప్పగలిగేను."